ఎముక కోయకుండా గుండె వాల్వ్ ఆపరేషన్: మేలెంత, ఎవరికి

తమ్ముడూ, నువ్వు అడిగింది ముందు క్లుప్తంగా చెప్తాను, చదివే మిగతావాళ్ళకీ తెలుస్తుంది. మీది శ్రీకాకుళం జిల్లా మందస మండలం. అప్పకి 34 ఏళ్ళు, పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేస్తోంది. చిన్నప్పుడు కీళ్ళవాపుతో జ్వరం వచ్చింది. ఇప్పుడు నాలుగడుగులు వేస్తే ఆయాసం, రాత్రిళ్ళు వెల్లకిలా పడుకోలేకపోతోంది. ఎకోలో (గుండె స్కాన్‌లో) మైట్రల్ వాల్వ్, అంటే గుండె ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండే కవాటం, దారి బాగా సన్నబడిందని, లీకేజీ కూడా ఉందని చెప్పారు. విశాఖలో ఒకచోట రొమ్ము ఎముక కోసి వాల్వ్ మారుస్తామన్నారు. ఇంకోచోట ఎముక ముట్టుకోకుండా కుడిపక్కన చిన్న కోతతో చేస్తామన్నారు గానీ ఖర్చు ఎక్కువ చెప్పారు. చిన్న కోత నిజంగా మంచిదా, డబ్బు కోసం చెప్తున్నారా అన్నది నీ అనుమానం. అంత చిన్న సందులోంచి గుండె ఎలా కనబడుతుందన్నది మీ అమ్మగారి భయం.

నేను పెర్ఫ్యూజనిస్టుని. గుండె ఆపి ఆపరేషన్ చేస్తున్నంతసేపూ ఒంట్లో రక్తం తిప్పే గుండె–ఊపిరితిత్తుల యంత్రాన్ని నడపడం నా పని. మాది నరసన్నపేట వైపు, ఉద్యోగం విశాఖలో. రెండు రకాల ఆపరేషన్లకీ చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. మీ అప్పకి ఏది చేయాలో చెప్పాల్సింది ఆమెని పరీక్షించిన సర్జనే. ఆయన్ని ఏం అడగాలో, ఆయన చెప్పినదాన్ని ఎలా అర్థం చేసుకోవాలో నేను చెప్పగలను.

అసలు మాట ముందే చెప్పేస్తాను. గుండె లోపల చేసే పని రెండింట్లోనూ ఒకటే. తేడా అంతా అక్కడికి వెళ్ళే దారిలోనే. చిన్న కోత వల్ల లాభం నిజమే, అది మొదటి ఆరు, ఎనిమిది వారాల్లో బాగా తెలుస్తుంది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి మీ అప్ప ఎలా ఉంటుందన్నది వాల్వ్ ఎంత బాగా కుదిరింది, మందులు ఎంత సరిగ్గా పడుతున్నాయి అన్నదాన్నిబట్టి ఉంటుంది. అందుకని సర్జన్ చేతిని ముందు చూసుకోండి, కోత సంగతి ఆ తర్వాత.

అయితే కోత గురించి ఆలోచించే ముందు ఒక ప్రశ్న తేలాలి. బెలూన్‌తో పని జరుగుతుందా? రుమాటిక్ జ్వరం (మీ అప్పకి చిన్నప్పుడు వచ్చినలాంటి కీళ్ళవాపు జ్వరం) వల్ల సన్నబడిన మైట్రల్ వాల్వ్‌ని గజ్జలోని సిర ద్వారా బెలూన్ పంపి తెరవచ్చు. జపాన్ డాక్టర్ కాంజీ ఇనోవె 1980లలో తెచ్చిన పద్ధతి ఇది, మన దేశంలో లెక్కలేనంతమందికి చేశారు. కోత లేదు, యంత్రం లేదు, రెండుమూడు రోజుల్లో ఇంటికి. కానీ వాల్వ్ రేకులు ఇంకా మెత్తగా కదులుతూ ఉండాలి, లీకేజీ ఒక మోస్తరు దాకా వచ్చి ఉండకూడదు, ఎడమ కర్ణికలో (గుండె ఎడమ పై గదిలో) రక్తపు గడ్డ ఉండకూడదు. రేకులు ఎంత గట్టిపడ్డాయో ఎకోలో విల్కిన్స్ స్కోర్ అని లెక్కవేస్తారు. అది 8 లేదా అంతకు తక్కువైతే బెలూన్‌కి అనువు. మీ అప్పకి లీకేజీ ఉందన్నారు కాబట్టి బెలూన్ కుదరకపోవచ్చు. ఆ లీకేజీ ఎంత, స్కోర్ ఎంత అన్నది రెండు ఆసుపత్రుల్లోనూ నోరు తెరిచి అడగండి. అవసరం లేని ఆపరేషన్ చిన్న కోతతో చేసినంత మాత్రాన గొప్పదైపోదు.

బెలూన్ కుదరదని తేలితే ఇక రెండు దారులు.

పాత దారిలో రొమ్ము ఎముకని నిలువుగా, పైనుంచి కిందిదాకా రంపంతో చీల్చి తెరుస్తారు. గుండె మొత్తం ఎదురుగా ఉంటుంది, ఏ సమస్య వచ్చినా చెయ్యి వెంటనే అందుతుంది. అయ్యాక ఎముకని స్టీలు తీగలతో కట్టేస్తారు. ప్రపంచమంతా ఎక్కువ గుండె ఆపరేషన్లు ఈ దారిలోనే జరుగుతున్నాయి, ఇందులో తక్కువతనం ఏమీ లేదు. ఆ ఎముక అతుక్కోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, పూర్తిగా గట్టిపడటానికి మూడు నెలలు.

రెండో దారిలో కుడి రొమ్ము కింద ఐదు నుంచి ఏడు సెంటీమీటర్ల కోత పెట్టి, నాలుగో పక్కటెముక కింది సందులోంచి వెళ్తారు. కుడి ఊపిరితిత్తికి కాసేపు గాలి ఆపి అది ముడుచుకునేలా చేస్తారు, అప్పుడు గుండె కనబడే చోటు దొరుకుతుంది. మీ అమ్మగారికి ఇది చెప్పు: ఆ సందులోంచి కన్ను పెట్టి చూడక్కర్లేదు. పక్కనే ఇంకో చిన్న రంధ్రంలోంచి కెమెరా వెళ్తుంది, వాల్వ్ తెర మీద అరచెయ్యంత పెద్దదిగా కనిపిస్తుంది. మైట్రల్ వాల్వ్ గుండెలో ఉన్న తీరు వల్ల కుడిపక్క నుంచి చూస్తే అది సరిగ్గా సర్జన్ ముఖానికి ఎదురుగా వస్తుంది. ముందు నుంచి ఎముక కోసి వెళ్ళినప్పుడు దాన్ని చూడటానికి గుండెని కాస్త పక్కకి లాగాల్సి వస్తుంది. పొడవాటి సన్నని పనిముట్లతో కుట్లు వేస్తారు. చెయ్యి తిరిగిన సర్జన్ చేస్తుంటే చూసినవాళ్ళకి ఇది సగం ఆపరేషన్ అనే అనుమానమే రాదు.

నా యంత్రం గొట్టాలు పెట్టే చోటు కూడా మారుతుంది. పాత పద్ధతిలో గొట్టాలు నేరుగా గుండెలోకి, బృహద్ధమనిలోకి (గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్ళే పెద్ద నాళంలోకి) పెడతారు. చిన్న కోతలో గజ్జ దగ్గర చిన్న గాటు పెట్టి తొడ ధమనిలో ఒకటి, సిరలో ఒకటి పెడతారు. సిరలో పెట్టింది కడుపు దాటి పైకి గుండె దాకా వెళ్తుంది. అది సరైన చోటికి చేరిందో లేదో మత్తు డాక్టరు అన్నవాహికలో పెట్టిన ఎకోతో చూసి చెప్తారు. ఇక్కడే నేను మీ అప్ప గురించి ఒక విషయం అడుగుతాను. ఆమె బరువెంత? ధమనిలో పెట్టే గొట్టం ఐదారు మిల్లీమీటర్ల మందం ఉంటుంది. నలభై కిలోల లోపు సన్నటి మనిషికి తొడ ధమని కూడా సన్నగా ఉండి, కావలసినంత రక్తం పంపడం కష్టమవుతుంది. దానికి వేరే ఉపాయాలున్నాయి గానీ ఆ సంగతి ముందే తెలియాలి, టేబుల్ మీద తెలియకూడదు. గజ్జ రక్తనాళాలకి డాప్లర్ స్కాన్ చేసి కొలిచారా అని అడగండి.

పక్కనుంచి వెళ్ళడం కొత్త వింత కూడా కాదు. 1948లో అమెరికాలో మొదలుపెట్టి, గుండె కొట్టుకుంటూ ఉండగానే ఎడమపక్క సందులోంచి వేలు పెట్టి మూసుకున్న మైట్రల్ వాల్వ్‌ని విడదీసేవారు. అప్పటికి యంత్రమే లేదు. యంత్రంతో మొదటి విజయవంతమైన ఆపరేషన్ 1953లో జాన్ గిబ్బన్ చేశారు. మన దేశంలోనూ వేలితో వాల్వ్ తెరిచే ఆ ఆపరేషన్ చాలా ఏళ్ళు నడిచింది. వయసు మళ్ళిన కొందరు ఆడవాళ్ళకి ఎడమ రొమ్ము కింద ఉండే పాత మచ్చ దానిదే. యంత్రం వచ్చాక అందరూ ఎముక కోసే దారికి వెళ్ళారు, 1990ల మధ్యలో కెమెరాలు, గజ్జ గొట్టాలు బాగుపడ్డాక మళ్ళీ పక్క దారికి వచ్చారు.

ఇప్పుడు లాభాల సంగతి. ఆసుపత్రి కరపత్రాల్లో "తక్కువ నొప్పి, చిన్న మచ్చ" అని రాస్తారు. నా లెక్కలో మీ అప్పలాంటి మనిషికి అసలు లాభం వేరే ఉంది.

ఎముక కోసినవాళ్ళకి రెండుమూడు నెలలు నాలుగైదు కిలోలకు మించి ఎత్తొద్దంటారు, చేతుల మీద బరువు మోపి లేవొద్దంటారు, బండి నడపొద్దంటారు. మన ఊళ్ళలో ఆడమనిషికి ఇది ఎంత కష్టమో ఆలోచించు. చాప మీద పడుకుంటే చేతులూని లేవాలి. బోరింగు కొట్టాలి, బిందె ఎత్తాలి. చంటిపిల్ల ఉంటే ఎత్తుకోవాలి. కింద కూర్చునే మరుగుదొడ్డి అయితే గోడ పట్టుకుని ఒళ్ళు లాక్కోవాలి. డిశ్చార్జి కాగితంలో అన్ని జాగ్రత్తలూ రాస్తారు గానీ ఇంట్లో ఇంకో ఆడమనిషి సాయం లేకపోతే అవి సాగవు. సాగక, ఎముక అతుక్కునే లోపు కదిలి, తీగలు సడలి, చీము పట్టి మళ్ళీ టేబుల్ ఎక్కినవాళ్ళు ఉన్నారు. ఇలా జరిగేది నూటికి ఒకరిద్దరికే అయినా, జరిగితే నెలల తరబడి బాధ. మధుమేహం ఉన్నవాళ్ళకి, బాగా లావున్నవాళ్ళకి ఆ ముప్పు ఇంకా ఎక్కువ. ఎముకే కోయకపోతే ఆ ముప్పు ఉండదు. కుడిచేతికి రెండు మూడు వారాలు నొప్పి ఉంటుంది, అది తగ్గేకొద్దీ పనులు ఒక్కొక్కటిగా చేసుకోవచ్చు. పక్కకి తిరిగి పడుకోవచ్చు. కారులోనో బస్సులోనో పలాస దాకా గంటల ప్రయాణంలో కుదుపుకి గుండెల మీద చెయ్యి పెట్టుకుని బిగుసుకుని కూర్చోనక్కర్లేదు.

రెండో లాభం రక్తం. చిన్న కోతలో రక్తస్రావం సాధారణంగా తక్కువ, ఎక్కించాల్సిన సీసాలూ తక్కువ. ఊరి నుంచి రక్తదాతల్ని పోగు చేసుకుని రైలెక్కి వచ్చే కుటుంబాలకి ఇది చిన్న విషయం కాదు. ఐసీయూ నుంచి వార్డుకి, వార్డు నుంచి ఇంటికి కూడా ఒకటి రెండు రోజులు ముందుగా పంపుతారు.

నొప్పి గురించి మాత్రం కరపత్రం మాట పూర్తిగా నమ్మకు. పక్కటెముకల మధ్య నరాలుంటాయి. మొదటి రెండుమూడు రోజులు పక్క కోత నొప్పి ఎముక కోత నొప్పికంటే ఎక్కువ అనిపించడం మామూలే. నరానికి మత్తు బ్లాక్ ఇస్తే బాగా తగ్గుతుంది, అడిగి ఇప్పించుకోండి. నొప్పికి భయపడి గట్టిగా ఊపిరి తీయకపోతే కఫం పట్టేసి న్యుమోనియా వస్తుంది. ఆ మూడు బంతుల ఊపిరి పరికరాన్ని గంటగంటకీ పీల్చమని చెప్తే విసుక్కోవద్దని అప్పకి ఇప్పుడే చెప్పు.

నమ్మదగ్గ రుజువు ఉందా అంటే ఉంది. బ్రిటన్‌లో 330 మంది మైట్రల్ రోగుల్ని చీటీ తీసినట్టు రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకి ఎముక కోసి, ఇంకో జట్టుకి పక్క కోతతో వాల్వ్ బాగుచేశారు. ఫలితాలు 2023లో వచ్చాయి. చిన్న కోత జట్టు ఆసుపత్రిలో ఉన్నది సగటున ఐదు రోజులు, ఎముక జట్టు ఆరు రోజులు. ఆరు వారాలప్పటికి చిన్న కోతవాళ్ళు ఎక్కువ చురుగ్గా తిరిగారు, బాగా నిద్రపోయారు. పన్నెండు వారాలకి చూస్తే రెండు జట్లూ సమానం. ఏడాది తర్వాత వాల్వ్ పనితీరులో, ప్రాణభద్రతలో తేడా లేదు. ఆ రోగులు ఎక్కువమంది అరవై దాటినవాళ్ళు, వాళ్ళ జబ్బు వయసుతో వాల్వ్ సాగిపోవడం. మీ అప్పది రుమాటిక్ జబ్బు, వాల్వ్ గట్టిపడి ఉంటుంది, పని ఇంకాస్త కష్టం. అయినా ఆ పరీక్షలో తేలిన ముఖ్యమైన సంగతి ఇది: చిన్న కోత ప్రమాదం పెంచలేదు, కోలుకోవడం తొందర చేసింది. ఆ పది పరీక్షా కేంద్రాల్లో చేసినవాళ్ళంతా ఆ పనిలో ఆరితేరిన సర్జన్లు అన్నది మర్చిపోవద్దు.

ఇక ఎవరికి వద్దు అన్నది. చిన్న కోతలో యంత్రం మీద ఉండే సమయం సాధారణంగా ఎక్కువ. గజ్జలో రక్తనాళం దెబ్బతినడం, నీరు కారడం లాంటివి కొందరికి జరుగుతాయి. లోపల ఏదైనా తేడా వస్తే అప్పటికప్పుడు ఎముక కోసి తెరవాల్సి రావచ్చు, ఆ సంతకం ముందే తీసుకుంటారు, దానికి కంగారు పడొద్దు. బృహద్ధమని వాల్వ్ కూడా బాగా లీక్ అవుతున్నవాళ్ళకి, పక్షవాతం ముప్పు ఉన్నంతగా రక్తనాళాల్లో కొవ్వు పేరుకున్న పెద్దవాళ్ళకి, ఊపిరితిత్తులు బాగా పాడైనవాళ్ళకి ఈ దారి సరిపడదు. మన దగ్గర ఇంకొకటి చూడాలి: టీబీ. కుడి ఊపిరితిత్తికి ఎప్పుడో టీబీ వచ్చి నయమైనా, అది లోపల ఛాతీ గోడకి అతుక్కుపోయి ఉండొచ్చు. దాన్ని విడదీస్తూ వెళ్తే రక్తం, గాలి లీకేజీ, పెద్ద చిక్కు. అప్పకి ఎప్పుడైనా టీబీ మందులు వాడారేమో, ఛాతీలో నీరు తీశారేమో, సిగ్గుపడకుండా చెప్పండి. పెళ్ళి సంబంధాల భయంతో దాచిన విషయం టేబుల్ మీద బయటపడితే నష్టం ఆమెకే.

మందస అన్నావు కాబట్టి కిడ్నీ సంగతి గట్టిగా చెప్పాలి. ఉద్దానం అంతా, అంటే కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, పలాస, మందస లాంటి మండలాల్లో, షుగరు, బీపీ లేనివాళ్ళకి కూడా కిడ్నీలు పాడవుతున్నాయని నీకు వేరే చెప్పక్కర్లేదు. ఆ జబ్బు పైకి తెలియకుండా ముదురుతుంది. యంత్రం మీద గంటల తరబడి ఉన్నప్పుడు మొదట దెబ్బతినేవాటిలో కిడ్నీలు ఒకటి. సీటీ స్కాన్‌లో ఎక్కించే కాంట్రాస్ట్ మందు కూడా వాటిపై భారం. అందుకని ఆపరేషన్‌కి వారాల ముందే క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ చూపించి, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు ఎంత బాగా వడపోస్తున్నాయో చెప్పే సంఖ్య) ఎంతో రాయించుకోండి. పలాసలోనే 2023 చివర్లో కిడ్నీ పరిశోధన కేంద్రం, దాని ఆసుపత్రి మొదలయ్యాయి, అక్కడే చూపించుకోవచ్చు. సంఖ్య తేడాగా ఉంటే మాలాంటివాళ్ళం యంత్రం మీద ఒత్తిడి, ఆక్సిజన్ సరఫరా ఇంకా జాగ్రత్తగా పట్టుకుంటాం, సర్జన్ కూడా తక్కువ సమయంలో అయ్యే దారి ఎంచుకుంటారు. అలాంటప్పుడు ఆయన "ఎముక కోసే చేద్దాం" అంటే ఆ మాట మీ మంచికే.

హిమోగ్లోబిన్ కూడా చూసుకోండి. యంత్రం గొట్టాల్లో ముందుగా లీటరుకి పైగా సెలైన్ లాంటి ద్రవం నింపుతాం, అది ఒంట్లోని రక్తంతో కలుస్తుంది. సన్నటి మనిషికి అసలే రక్తం తక్కువ, పైగా హిమోగ్లోబిన్ తొమ్మిదో పదో ఉంటే అది ఇంకా పలచబడి రక్తం ఎక్కించక తప్పదు. ఆపరేషన్‌కి నెలరోజుల వ్యవధి ఉంటే ఐరన్ మొదలుపెట్టించండి. పుచ్చుపళ్ళు ఉంటే ముందే తీయించేయండి, పంటి చీము కొత్త వాల్వ్‌కి పడదు.

కోతకంటే పెద్ద నిర్ణయం ఇంకొకటి మీ ముందుంది: ఏ వాల్వ్ పెట్టాలి. రుమాటిక్ వాల్వ్‌ని బాగుచేయడం కుదిరితే అదే మంచిది, కుదరకపోతే మార్చాలి. మెటల్ వాల్వ్ దశాబ్దాలు నడుస్తుంది. మన దేశంలోనే తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో డాక్టర్ వలియత్తాన్ బృందం తయారుచేసిన చిత్ర వాల్వ్ 1990 నుంచి వాడకంలో ఉంది. కానీ మెటల్ వాల్వ్ పెడితే రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం ఎసిట్రోమ్ లేదా వార్ఫరిన్ వేసుకోవాలి. రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష చేయించుకుంటూ మైట్రల్‌కి 2.5 నుంచి 3.5 మధ్య ఉంచుకోవాలి. పరీక్ష అక్కర్లేని కొత్త మాత్రలు ఉన్నాయని ఎవరైనా చెప్పినా మెటల్ వాల్వ్‌కి అవి పనికిరావు. జంతు కణజాలంతో చేసిన టిష్యూ వాల్వ్‌కి ఆ బాధ తక్కువ, అయితే ఈ వయసువాళ్ళలో అది తొందరగా అరిగిపోయి పది, పదిహేనేళ్ళలో మళ్ళీ ఆపరేషన్ రావచ్చు. పిల్లలు కావాలనుకుంటున్నారా? గర్భం మొదటి మూడు నెలల్లో వార్ఫరిన్ బిడ్డకి హాని చేయగలదు. ఈ మాట ఆపరేషన్‌కి ముందే అప్పా బావా ఇద్దరూ డాక్టరు ఎదుట కూర్చుని మాట్లాడుకోవాలి.

ఆమె పని కూడా లెక్కలోకి రావాలి. జీడిపిక్క కోసే చోటైనా, చాకుతో పొట్టు తీసే చోటైనా వేలు తెగడం మామూలు. రక్తం పలచబడే మాత్ర మీద ఉన్నప్పుడు చిన్న గాటు కూడా చాలాసేపు కారుతుంది. గ్రేడింగ్, ప్యాకింగ్ లాంటి పనికి మార్చమని యజమానిని అడగడానికి డాక్టరు చీటీ రాయించుకోండి. ఆ మాత్రకి పడవని తోటకూర, మునగాకు, గోంగూర మానేయమని చెప్పేవాళ్ళుంటారు. మానక్కర్లేదు, ఒక వారం బాగా తిని ఇంకో వారం అస్సలు తినకుండా ఉండకూడదు, అంతే.

డబ్బు గురించి. వాల్వ్ మార్పిడి ఎన్టీఆర్ వైద్యసేవ కింద ఉంది. చిన్న కోత పనిముట్లకి, గజ్జ గొట్టాలకి అదనంగా అడుగుతున్నారంటే అది ఎంత, దేనికి, కార్డు మీద ఎంత పోను ఎంత కట్టాలి అని ఆసుపత్రిలోని వైద్యసేవ కౌంటర్‌లో కాగితం మీద రాయించుకోండి. ఆ తేడా కోసం పొలం తాకట్టు పెట్టాల్సి వస్తే పెట్టొద్దు. మంచి సర్జన్ చేతిలో ఎముక కోసి చేసిన ఆపరేషన్‌తో మూడో నెల దాటాక మీ అప్ప అదే స్థితికి చేరుతుంది. ఆ మూడు నెలలు ఆమె పని మీద వేసుకునే మనిషిని ఇంట్లో ఏర్పాటు చేస్తే చాలు. తేడా భరించగలిగేదైతే, సర్జన్‌కి అనుభవం ఉంటే, కిడ్నీ, గజ్జ నాళాలు బాగుంటే, నేనైతే చిన్న కోతకే మొగ్గుతాను.

సర్జన్ని ఒక్క ప్రశ్న సూటిగా అడుగు: "సార్, మీరు ఈ పక్క కోతతో మైట్రల్ ఎన్నాళ్ళుగా చేస్తున్నారు, నెలకి ఎన్ని చేస్తారు, ఎన్నిట్లో ఎముక కోయాల్సి వచ్చింది?" నిజంగా చేసేవాళ్ళకి ఈ ప్రశ్న కోపం తెప్పించదు. ఎప్పుడో ఒకటి చేసే చోట కంటే వారం వారం చేసే చోటికే వెళ్ళండి, అది ఏ ఊరైనా సరే.

నాన్నకి బైపాస్ చిన్న కోతతో చేయొచ్చా అని కూడా కొందరు అడుగుతుంటారు. ఎడమపక్క సందులోంచి చేస్తారు, ముఖ్యంగా ముందువైపు రక్తనాళం ఒక్కటే మూసుకున్నప్పుడు. మూడు నాళాలూ పాడై గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకి చాలాచోట్ల ఎముక దారే ఎంచుకుంటారు. కాలి రక్తనాళం గుండా వాల్వ్ మార్చడం అన్నది వేరే సంగతి. 2002లో ఫ్రాన్స్‌లో మొదలైన ఆ పద్ధతి ముఖ్యంగా బృహద్ధమని వాల్వ్ సన్నబడిన పెద్దవయసువాళ్ళది, మీ అప్ప జబ్బుకి అది జవాబు కాదు.

ఆపరేషన్ ఏ దారిలో జరిగినా మూడు వారాలకోసారి వేసే పెన్సిలిన్ ఇంజెక్షన్ ఆపొద్దు. వాల్వ్ మార్చాం కదా ఇంకెందుకని చాలామంది మానేస్తారు. గొంతునొప్పితో రుమాటిక్ జ్వరం తిరగబెడితే మిగిలిన వాల్వ్‌లు కూడా పోతాయి.

ఎకో కాగితం ఫోటో పెట్టు, పేరూ ఫోన్ నంబరూ కనబడకుండా కప్పేసి. అందులో వాల్వ్ వైశాల్యం, లీకేజీ గ్రేడు, ఊపిరితిత్తుల ఒత్తిడి, ఎడమ కర్ణికలో గడ్డ ఉందో లేదో ఉంటాయి. వాటితోపాటు బరువు, క్రియాటినిన్, హిమోగ్లోబిన్ రాయి. సర్జన్ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఇంకేం అడగాలో చూసి చెప్తాను. ఈలోగా ఆయాసం పెరిగినా, గుండె దడదడ అడ్డదిడ్డంగా కొట్టుకున్నా, మూతి వంకరపోవడం, చెయ్యి లాగేయడం లాంటిది కనబడినా నా జవాబు కోసం ఆగొద్దు, 108 పిలిచి దగ్గర్లోని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి.